మీ ప్రశ్నలు, మా జవాబులు: బిజినెస్ జర్నలిజం అవార్డుకు ఎంట్రీ పంపేముందు

ఏటా అవార్డుల ప్రకటనలు వెలువడే రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు దాదాపు ఒకే దారి పడతాయి. ఈసారి వ్యాపార వార్తలు రాసేవాళ్లే ఎక్కువమంది అడిగారు కాబట్టి మొత్తం చోటు వాళ్లకే ఇచ్చేస్తున్నాను. ఒకే సందేహం చాలామందికి ఉన్నచోట ఉత్తరాలు కలిపేశాను. పేర్లు వేయొద్దని కోరినవాళ్లే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: చిన్న పత్రికలో బిజినెస్ పేజీ చూస్తాను. ఆ పేజీకి రిపోర్టర్‌నీ నేనే, సబ్ ఎడిటర్‌నీ నేనే. ఈసారి అవార్డుకు ఏదైనా పంపమని మా ఎడిటర్ పట్టుబడుతున్నారు. పెద్ద పత్రికల్లో ఒక్క కథనం మీద నెలల తరబడి ఒక జట్టే పనిచేస్తుంది. వాళ్లతో మేమేం పోటీ పడతాం సర్?

పడాల్సిన చోట పడితే బాగానే పడతారు. ముందు ఈ ఏడాది నిబంధనల కాగితం తీసి మొదటినుంచి చివరిదాకా చదవండి. నిరుడు పంపినవాళ్లు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు, విభాగాలు మారుతుంటాయి. కొన్ని పోటీల్లో న్యూస్‌రూమ్ సైజును బట్టి వేరువేరుగా చూస్తారు. అమెరికాలో బిజినెస్ ఎడిటర్లు, రిపోర్టర్ల సంఘం సేబ్యూ 1995 నుంచి నడుపుతున్న ‘బెస్ట్ ఇన్ బిజినెస్’ పోటీలో చిన్న, మధ్య, పెద్ద సంస్థలకు విడివిడి విభాగాలు ఉన్నాయి. అక్కడే వ్యాపార పాత్రికేయానికి ఇచ్చే లోబ్ అవార్డుల్లో స్థానిక కథనాలకని ఒక విభాగం ఉంది. అన్ని రకాల పాత్రికేయానికీ ఇచ్చే పులిట్జర్‌లో కూడా స్థానిక రిపోర్టింగ్‌కు విభాగం ఉంది కానీ సంస్థ సైజు చూడరు, చిన్న పత్రికైనా న్యూయార్క్ టైమ్స్ అయినా ఒకే బరిలో దిగాల్సిందే. మీరు పంపబోయే పోటీ వీటిలో ఏ రకమో ముందు తేల్చుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంకో మాట. జ్యూరీ ముందుకు ఒకే పెద్ద విలీనం మీద, ఒకే వడ్డీరేట్ల పెంపు మీద, కుప్పకూలిన ఒకే స్టార్టప్ మీద కుప్పలుగా ఎంట్రీలు వస్తాయి. చదివి చదివి మొహం మొత్తిన వేళ, ఎవరూ పట్టించుకోని ఒక మధ్యరకం కంపెనీ తన ఉద్యోగుల పొదుపు సొమ్మును ఎటు తిప్పిందో లెక్కలతో సహా చూపించిన కథనం ఒకటి చేతికొస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ కంపెనీ మీద ఏళ్ల తరబడి కన్నేసి ఉంచగలిగేది మీలాంటివాళ్లే. పెద్ద పత్రిక రిపోర్టర్‌కు ఆ కంపెనీ పేరు కూడా తెలియదు.

గడువు సంగతి కూడా చూసుకోండి. ఎక్కువ పోటీల్లో జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా అచ్చయినవాటినే లెక్కలోకి తీసుకుంటారు, ఆ తర్వాత కొద్ది వారాల్లోనే గడువు ముగుస్తుంది. డిసెంబరు చివరి వారంలో మొదలై జనవరిలో ముగిసిన సిరీస్ ఉంటే అది ఏ ఏడాది కింద చెల్లుతుందో నిర్వాహకులను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ప్రశ్న: నిరుడు నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటి, పాఠకులు ఎక్కువగా చదివింది ఇంకొకటి, మా ఎడిటర్ పంపమంటున్నది మూడోది. ఏది పంపాలి?

మూడింటినీ పక్కన పెట్టి, మీరు రాయకపోయి ఉంటే బయటికి రాకుండా ఉండిపోయే విషయం మీ కథనాల్లో దేంట్లో ఉందో వెతకండి. ఆ మూడింట్లోనే ఒకటి కావచ్చు, కాకపోనూ వచ్చు. మనకు నచ్చినదాంట్లో మన కష్టం కనపడుతుంది కాబట్టి నచ్చుతుంది, జ్యూరీకి ఆ కష్టం కనపడదు. ఎక్కువమంది చదివారంటే చాలాసార్లు ఆ గొప్పతనం కథనంలోని కంపెనీ పేరుది. ఇక ఎడిటర్లకు గుర్తుండేది ఏ కథనానికి ఫోన్లు ఎక్కువ వచ్చాయో అది (ఎడిటర్లు క్షమించాలి, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే).

బిజినెస్ విభాగంలో మన దగ్గరున్న పెద్ద ఆస్తి ఏమిటంటే, కావాల్సిన సమాచారంలో చాలాభాగం అందరి కళ్లముందే ఉంటుంది. వార్షిక నివేదికలు, ఎక్స్ఛేంజీలకు కంపెనీలు ఇచ్చే పత్రాలు, కోర్టు ఫైళ్లు. రహస్య పత్రం దొరికితేనే అవార్డు స్థాయి కథనం అవుతుందని చాలామంది అనుకుంటారు. 2006లో వాల్‌స్ట్రీట్ జర్నల్ స్టాక్ ఆప్షన్ల మీద చేసిన పని చూడండి. ఆప్షన్ అంటే, ఇచ్చిన రోజు ధరకే తర్వాతెప్పుడైనా షేర్లు కొనుక్కునే హక్కు; ఆ రోజు ధర ఎంత తక్కువైతే అంత లాభం. కంపెనీ అధినేతలకు ఆప్షన్లు ఇచ్చిన తేదీలు బహిరంగ పత్రాల్లోనే ఉన్నాయి. షేర్ ధర బాగా పడిపోయిన రోజే, అదీ మళ్లీ మళ్లీ, వాళ్లకు ఆప్షన్లు ఎలా దక్కుతున్నాయన్నది రిపోర్టర్ల అనుమానం. అది కేవలం అదృష్టంగా జరిగే అవకాశం ఎంతో లెక్క కట్టారు. ఒక అధినేత విషయంలో ఆ అవకాశం 30,000 కోట్లలో ఒక వంతు అని తేలింది. తేదీలను వెనక్కి జరిపి రాశారన్న కుంభకోణం అలా బట్టబయలైంది, 2007లో ఆ పత్రికకు ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ వచ్చింది. విషయం కళ్లముందున్నా అడగాల్సిన ప్రశ్న అప్పటిదాకా అంత గట్టిగా ఎవరూ అడగలేదు, అంతే.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ సంగతీ అలాంటిదే. 2001 మార్చిలో ఫార్చ్యూన్ పత్రికలో బెథనీ మెక్‌లీన్ అడిగింది చాలా మామూలు ప్రశ్న: ఈ కంపెనీ అసలు డబ్బు ఎలా సంపాదిస్తోంది? సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. అదే ఏడాది డిసెంబరులో ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది. ఆ మార్చి కథనంలో మోసం జరిగిందన్న మాట ఎక్కడా ఉండదు, లెక్కలు అర్థం కావట్లేదని మాత్రమే ఉంటుంది. ఆ సమయానికి రుజువైనంతవరకే రాసి ఆగడం కూడా ఒక పనితనమే, దాన్ని గుర్తుపట్టే జడ్జీలు ఉంటారు.

కాబట్టి మీ కథనాన్ని బిజినెస్ డెస్క్‌తో సంబంధం లేని స్నేహితుడికి రెండు ముక్కల్లో చెప్పి చూడండి. “అవునా, మరి ఇన్నాళ్లూ ఎవరూ చూసుకోలేదా?” అని అడిగితే పంపండి. “బాగా రాశావ్” అంటే ఇంకోటి వెతకండి.

ఎంపిక అయ్యాక విభాగం దగ్గర ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. పరిశోధన విభాగం అంటే గొప్పగా వినపడుతుంది కాబట్టి అన్నీ అందులోకే తోస్తారు, అక్కడేమో పోటీ తొక్కిసలాటగా ఉంటుంది. కొత్త పన్ను విధానం ఎవరి జేబు మీద పడుతుందో విడమర్చి చెప్పిన కథనం వివరణాత్మక విభాగానికి చెందుతుంది, దాన్ని పరిశోధన అని పంపితే జడ్జీలు ఇందులో కొత్తగా బయటపెట్టింది ఏముందని వెతుక్కుని నిరాశపడతారు. బీట్ రిపోర్టింగ్ (రిపోర్టర్‌కు అప్పగించిన ఒకే రంగం మీద రాసేది) విభాగానికి ఒకే పెద్ద కథనమూ దాని ఫాలోఅప్‌లూ సరిపోవు, ఏడాది పొడవునా ఆ రంగం మీద మీకున్న పట్టు కనపడాలి, చిన్న వార్త కూడా ఒకటి ఉంటే మంచిది. బ్రేకింగ్ న్యూస్‌లో మొదటి కొన్ని గంటల్లో మీరేం ఇచ్చారన్నదే చూస్తారు, వారం తర్వాత రాసిన అందమైన విశ్లేషణ అక్కడ బరువే. ఒకే కథనాన్ని రెండు విభాగాల్లో పంపనిచ్చే పోటీలూ ఉన్నాయి, అలా పంపితే రెంటి నుంచీ తీసేసేవీ ఉన్నాయి. మళ్లీ నిబంధనల కాగితమే దిక్కు.

సిరీస్ పంపేటప్పుడు గరిష్ఠంగా ఇన్ని అనుమతిస్తారు కదా అని అన్నీ నింపకండి. బలహీనమైన ఐదో భాగం మొదటి నాలుగింటినీ కిందికి లాగుతుంది.

ప్రశ్న: ఎంట్రీతో పాటు ఒక ఉత్తరం జతచేయమన్నారు. అందులో ఏం రాయాలి? మా సంస్థలో ఎప్పుడూ మార్కెటింగ్ వాళ్లే రాసి పంపేస్తారు, ఎప్పుడూ ఏమీ రాలేదు.

మీ ప్రశ్న చివర్లోనే జవాబు ఉంది. మార్కెటింగ్ వాళ్ల తప్పు కాదు, వాళ్లకు తెలిసిన భాష అది. కానీ చదివేది పాత్రికేయులు. ఇలాంటి ఉత్తరం మొదటి వాక్యం ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చేసింది: “నిష్పాక్షికతకు, నిర్భీతికి మారుపేరైన మా పత్రిక, వ్యాపార ప్రపంచాన్ని కుదిపేసిన ఈ సంచలనాత్మక కథనాన్ని సగర్వంగా సమర్పిస్తోంది.” ఇందులో కథనం దేని గురించో లేదు. ఏ పత్రికైనా ఏ కథనానికైనా ఇదే వాక్యం పెట్టుకోవచ్చు.

దానికి బదులు ఇలా మొదలుపెట్టారనుకోండి (ఊహించి రాస్తున్నది): “ఈ కంపెనీ తన ఉద్యోగుల పొదుపు నిధిని డైరెక్టర్ల బంధువుల సంస్థలకు అప్పుగా ఇచ్చింది. ఆ సంగతి వరుసగా మూడు వార్షిక నివేదికల చివరి పేజీల్లో, చిన్న అక్షరాల నోట్స్‌లో, ముక్కలు ముక్కలుగా ఉంది. మా రిపోర్టర్ ఆ నోట్స్‌ను ఒకచోట చేర్చి, అప్పు తీసుకున్న సంస్థల రిజిస్ట్రేషన్ పత్రాలతో సరిపోల్చారు.” మూడు వాక్యాల్లో ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎలా దొరికింది అన్నీ వచ్చేశాయి. పొగిడే విశేషణం ఒక్కటి లేదు. జడ్జి ఇక కథనం తెరవకుండా ఉండలేరు.

ఆ తర్వాత అడ్డంకులు రాయండి, కథనంలో కనపడనివి. కంపెనీ సమాచారం ఇవ్వనందా, లాయర్ నోటీసు వచ్చిందా, డేటా స్కాన్ చేసిన కాగితాల్లో ఉంటే చేత్తో ఎక్కించుకున్నారా, ప్రకటనలు ఆపేస్తామన్నారా. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, ప్రాణాలకు తెగించాం అనక్కర్లేదు. ఇంకా మీ కథనం ఖచ్చితత్వాన్ని గానీ నిష్పాక్షికతను గానీ ఎవరైనా సవాలు చేసి ఉంటే, ఆ సంగతీ మీ జవాబూ ఉత్తరంలోనే పెట్టండి. పులిట్జర్ సహా పెద్ద పోటీలు దీన్ని అడిగి మరీ తీసుకుంటాయి. అడగని చోట కూడా చెప్పేయడం మేలు. మీరు చెప్పకపోతే ఫైనల్ దశలో ఆ కంపెనీ వాళ్లే నిర్వాహకులకు రాస్తారు, అప్పుడు మీ మౌనమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త, దీన్ని ఎవరూ చెప్పరు. పేరు చెప్పొద్దన్న షరతు మీద మీతో మాట్లాడినవాళ్ల గురించి ఉత్తరంలో అత్యుత్సాహంతో వివరాలు పెట్టకండి. “కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఈమధ్యే బదిలీ అయిన ఒక మహిళా అధికారి” అని రాశారంటే ఆమె పేరు రాసినట్టే. జడ్జీలు చాలావరకు ఇతర పత్రికల వాళ్లు, ఉత్తరం ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు, కొన్ని పోటీలు గెలిచిన ఎంట్రీల ఉత్తరాలను అందరికీ అందుబాటులో పెడతాయి కూడా. కథనంలో ఎంత దాచారో ఉత్తరంలోనూ అంతే దాచండి.

రాసేది ఎవరంటారా, రిపోర్టర్ చిత్తుప్రతి రాయాలి, ఎడిటర్ సగానికి కొట్టేయాలి. పదాల పరిమితి ఇచ్చి ఉంటే దానికి ఒక్క పదం మించొద్దు.

ప్రశ్న: మా కథనం వల్ల ఇప్పటిదాకా ఏమీ జరగలేదు. ఎవరూ రాజీనామా చేయలేదు, విచారణ వేయలేదు. ఎంట్రీ ఫారంలో ‘ప్రభావం’ అనే గడి ఉంది. ఏం రాయాలి?

ఏమీ జరగలేదని రాయండి. నిజంగానే అంటున్నాను. “కథనం వచ్చి నాలుగు నెలలైంది, నియంత్రణ సంస్థను రెండుసార్లు అడిగాం, స్పందన లేదు” అన్న వాక్యం, “కథనం వ్యాపార వర్గాల్లో విస్తృత చర్చకు దారితీసింది” అన్న వాక్యం కంటే వందరెట్లు నయం. ఆ రెండో వాక్యం చదవగానే ఏమీ జరగలేదని జడ్జీలకు ఎలాగూ తెలిసిపోతుంది.

వ్యాపార కథనాల ఫలితం తీరిగ్గా వస్తుంది. జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ లెక్కల మీద ఫైనాన్షియల్ టైమ్స్ 2015 నుంచే ప్రశ్నలు వేస్తూ వచ్చింది. 2019లో ఆ పత్రిక మరింత గట్టిగా రాసినప్పుడు జర్మనీ నియంత్రణ సంస్థ బాఫిన్ ఆ కంపెనీ షేర్లలో షార్ట్ సెల్లింగ్‌ను (ధర పడుతుందన్న అంచనాతో అరువు షేర్లు అమ్మడాన్ని) కొంతకాలం నిషేధించి, పైగా పత్రిక విలేకర్ల మీదే క్రిమినల్ ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో 190 కోట్ల యూరోలు అసలు ఉన్నాయో లేవో తెలియదని తేలి కంపెనీ కుప్పకూలింది. అంటే 2019 కథనాలకు ‘ప్రభావం’ గడి నిజాయితీగా నింపాలంటే “మా మీద కేసు పెట్టారు” అని రాసుకోవాల్సిన పరిస్థితి.

ఫలితం ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మీ కథనం తర్వాత జరిగిన ప్రతిదీ మీ కథనం వల్ల జరిగింది కాదు. విచారణ ముందే మొదలై ఉండొచ్చు, ఇంకో పత్రిక కూడా రాసి ఉండొచ్చు. విచారణ ఉత్తర్వులో మీ పత్రిక పేరు ఉంటే ఆ పేజీ జతచేయండి, లేకపోతే తేదీలు మాత్రం ఇచ్చి ఊరుకోండి. అందులోంచి తేల్చుకోవాల్సింది జడ్జీలు తేల్చుకుంటారు.

ప్రశ్న: అచ్చయ్యాక మా కథనంలో ఒక అంకె తప్పని తేలి సవరణ వేశాం. ఇప్పుడు పంపొచ్చా?

పంపొచ్చు, సవరణతో సహా. సవరించిన ప్రతినే మొదట అచ్చయినట్టు చూపించడం, ఎంట్రీ కోసం పేరాలు అటూ ఇటూ మార్చడం మాత్రం చేయకండి. అంకె తప్పు వల్ల కథనం సారాంశమే మారిపోయి ఉంటే పంపడం దండగ. మారకపోతే ఉత్తరంలో రెండు లైన్లు చాలు. సవరణ ఉన్నంత మాత్రాన ఎంట్రీ పోదు. 1981లో వాషింగ్టన్ పోస్ట్ తనకొచ్చిన పులిట్జర్‌ను వెనక్కి ఇచ్చేసింది, ఒక పిల్లవాడి మీద రాసిన ఆ కథనంలో ఆ పిల్లవాడే కల్పితమని అవార్డు ప్రకటించాక బయటపడింది కాబట్టి. దానికీ మీ అంకెకూ పోలిక లేదు.

ప్రశ్న: నేను రాసే రంగంలోని కంపెనీల సంఘమే ఒక జర్నలిజం అవార్డు ఇస్తోంది. నగదు బాగానే ఉంది. మా చీఫ్ వద్దంటున్నారు. జ్యూరీలో మంచి పాత్రికేయులే ఉన్నారు కదా, తప్పేంటి?

మీ చీఫ్ మాట వినండి. జ్యూరీ మంచిదే కావచ్చు, కానీ రేపు ఆ సంఘంలోని ఒక కంపెనీ గురించి మీరు మంచి రాస్తే పాఠకుడు ఏమనుకుంటాడు, చెడు రాయాల్సివస్తే మీ చెయ్యి ఏమంటుంది? న్యూయార్క్ టైమ్స్ నైతిక నియమావళిలో ఇది నేరుగా ఉంది: పత్రిక రాతల ధోరణి మీద ప్రత్యక్ష ఆసక్తి ఉన్న వ్యక్తులు, సంస్థలు నడిపే పోటీలకు సిబ్బంది ఎంట్రీలు పంపకూడదు. మీ సంస్థకు అలాంటి నియమం ఉందో లేదో చూడండి, లేకపోతే ఒకటి రాసుకోమని అడగండి.

ఇక్కడ ఎవరైనా ఒక కొంటె ప్రశ్న వేయొచ్చు. వ్యాపార పాత్రికేయంలో బాగా పేరున్న లోబ్ అవార్డులను 1957లో మొదలుపెట్టిన జెరాల్డ్ లోబ్ స్వయంగా స్టాక్ బ్రోకర్, ఇ.ఎఫ్. హట్టన్ అనే బ్రోకరేజీ సంస్థ వ్యవస్థాపక భాగస్వాముల్లో ఒకరు. నిజమే. కానీ 1973 నుంచి వాటిని నడుపుతున్నది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల యాండర్సన్ మేనేజ్‌మెంట్ స్కూల్. డబ్బు ఎవరు పెట్టారన్నది ఒక్కటే చూస్తే చాలదు, విషయాలు ఎవరు నిర్ణయిస్తున్నారు, జడ్జీలను ఎవరు పిలుస్తున్నారు, గెలిచిన కథనాల్లో ఆ రంగాన్ని ఇబ్బంది పెట్టినవి ఎప్పుడైనా ఉన్నాయా, ఇవన్నీ చూడాలి. మీరు చెప్పిన అవార్డు పాత విజేతల జాబితా తీసి చదవండి. అన్నీ “రంగం దూసుకుపోతోంది” తరహావే అయితే మీకు జవాబు దొరికినట్టే.

ఇదే కోవలో ఇంకొందరు అడిగారు, “మీరు అవార్డుకు ఎంపికయ్యారు, వేడుక టేబుల్‌కు డబ్బు కట్టండి” అని మెయిల్ వచ్చిందట. మీరు ఎంట్రీ పంపకుండానే ఎంపికయ్యారంటే అది అవార్డు కాదు, బేరం. తీసి పారేయండి. మామూలు ఎంట్రీ ఫీజు వేరు, చాలా మంచి పోటీలు కూడా నిర్వహణ ఖర్చుకు అది తీసుకుంటాయి. అది సంస్థ కట్టాలి. ఫ్రీలాన్సర్లయితే నిర్వాహకులకు రాసి తగ్గింపు అడగండి, అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: కథనం ఇద్దరం చేశాం. డేటా మొత్తం నేనే తీశాను. బైలైన్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఎంట్రీలో మాత్రం సీనియర్ ఒక్కరి పేరే పెట్టారని తెలిసింది. ఏం చేయాలి?

గడువు దాటకముందే అడగండి, ఇవాళే. గెలిచాక అడిగితే గొడవలా ఉంటుంది, ఇప్పుడు అడిగితే సవరణలా ఉంటుంది. బైలైన్‌లో ఉన్న పేరు ఎంట్రీలో లేకపోతే నిర్వాహకులకు కూడా అనుమానం వస్తుందని మీ ఎడిటర్‌కు గుర్తుచేయండి, ఆ మాట పనిచేస్తుంది. పేర్ల సంఖ్యకు పరిమితి ఉండి ఎక్కువమంది పనిచేసి ఉంటే సంస్థ సిబ్బంది పేరిట పంపే పద్ధతి ఉంది, పులిట్జర్‌లో అలా ఇచ్చినవి చాలానే. విదేశీ డొల్ల కంపెనీల్లో దాచిన డబ్బు గుట్టు విప్పిన పనామా పేపర్స్ కథనాలకు 2017లో వివరణాత్మక విభాగంలో పులిట్జర్ వచ్చినప్పుడు అందులో 300 మందికి పైగా రిపోర్టర్ల శ్రమ ఉంది, కోటీ 15 లక్షల పత్రాలు జల్లెడ పట్టారు. అందుకే అవార్డు వ్యక్తులకు కాకుండా ఆ పనిని నడిపించిన అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల సమాఖ్యకు, మరో రెండు సంస్థలకు కలిపి ప్రకటించారు.

డెస్క్ మీద కథనాన్ని నిలబెట్టిన సబ్ ఎడిటర్ పేరు కూడా ఉత్తరంలో ఒక ముక్క రాయండి. ఫారంలో గడి ఉండదు, ఉత్తరంలో ఎవరూ కాదనరు.

ప్రశ్న: మాతృభాషలో రాస్తాం. అంతర్జాతీయ పోటీకి ఇంగ్లీషు అనువాదం అడుగుతున్నారు. అనువదిస్తే మా రాత పస పోతోంది. అనువాదకుడు కాస్త మెరుగుపెడితే తప్పా?

తప్పే. జడ్జీలు చూస్తున్నది అచ్చయిన కథనాన్ని, అనువాదం దానికి కిటికీ మాత్రమే. మూలంలో లేని వాక్యం, లేని ఘాటు అనువాదంలో ఉందని తర్వాత తేలితే ఎంట్రీ పోతుంది, పేరూ పోతుంది. సాదా అనువాదం చేయించండి. పస పోతుందన్న భయం మీకు ఫీచర్ల విభాగంలో ఉండాలి గానీ, లెక్కలతో నిలబడిన పరిశోధనకు అంత నష్టం జరగదు. అంకెలు, పేర్లు, కోర్టు ఉత్తర్వుల మాటలు ఏ భాషలోనైనా అవే. అనువాదకుడికి వ్యాపార పదాలు తెలిసి ఉండటం ముఖ్యం, ఆదాయాన్నీ లాభాన్నీ ఒకటే అనుకునేవాడి చేతిలో పెట్టారంటే మీ కథనం అక్కడికక్కడే తప్పుల తడక అవుతుంది. చార్టులూ పట్టికలూ కూడా అనువదించాలి, చాలామంది వాటిని మూలభాషలోనే వదిలేస్తారు. స్థానిక చట్టం, సంస్థ ఏదైనా వస్తే అదేమిటో ఒక్క వాక్యం ఉత్తరంలో రాయండి, కథనం మధ్యలో ఇరికించకండి.

ప్రశ్న: లింకులు పంపితే సరిపోతుందా, పీడీఎఫ్ కూడా కావాలా?

రెండూ. లింక్ పేవాల్ వెనక ఉంటే (అంటే చందా కడితేనే తెరుచుకునేదైతే) జడ్జీల కోసం లాగిన్ ఇవ్వండి, అది ఫలితాలు వచ్చేదాకా పనిచేయాలి. పంపేముందు మీ ఆఫీసుకు సంబంధం లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. గ్రాఫిక్స్ కదిలే కథనమైతే అవి పీడీఎఫ్‌లో కదలవు కాబట్టి లింకే ప్రధానం. ఆడియో, వీడియోలకు నిడివి పరిమితి ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: ఏటా పంపుతున్నాం, ఏటా ఏమీ రాదు. తిప్పి తిప్పి నాలుగు సంస్థలకే వస్తున్నాయి. ఇదంతా ముందే ఫిక్సయి ఉంటుందని మా వాళ్లంటారు. నిజమేనా?

పేరున్న పోటీల విషయంలో నేను నమ్మను, కానీ మీ వాళ్ల కోపం ఎక్కడినుంచి వస్తోందో అర్థమవుతుంది. మామూలుగా రెండు దశలు ఉంటాయి. మొదటి దశలో చాలామంది జడ్జీలు ఎంట్రీలు పంచుకుని వడపోస్తారు, రెండో దశలో మరికొందరు కూర్చుని విజేతను తేలుస్తారు. తమ సంస్థ ఎంట్రీ వచ్చినప్పుడు జడ్జి గదిలోంచి బయటికి వెళ్లిపోవడం చాలా పోటీల్లో ఉన్న ఆనవాయితీ. పులిట్జర్‌లో జ్యూరీ మూడు పేర్లు సూచిస్తుంది, బోర్డు ఎంపిక చేస్తుంది, ఎవరికీ ఇవ్వకుండా వదిలేయనూ వచ్చు. 2012లో సంపాదకీయాల విభాగంలో అలా ఎవరికీ ఇవ్వలేదు.

పెద్ద సంస్థలకే ఎక్కువ రావడానికి అసలు కారణం డబ్బూ సమయమూ. ఏడాదికి ఎన్నో పెద్ద కథనాలు చేసే సంస్థ వాటిలోంచి ఒకటి ఏరి పంపుతుంది, మీకు ఉన్నదే ఒకటి. ఇది అన్యాయమే, కానీ ఫిక్సింగ్ కాదు. కొంత అదృష్టం కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. థెరనోస్ అనే అమెరికా కంపెనీ రక్తపరీక్షల బండారం బయటపెట్టిన వాల్‌స్ట్రీట్ జర్నల్ రిపోర్టర్ జాన్ కారీరూను తీసుకోండి. 2015 అక్టోబరులో మొదటి కథనం వచ్చింది. ఆర్థిక రిపోర్టింగ్‌కు జార్జ్ పోల్క్ అవార్డు దక్కింది. పులిట్జర్ మాత్రం ఆ కథనాలకు రాలేదు. 2018లో కంపెనీ మూతపడింది, 2022 జనవరిలో దాని వ్యవస్థాపకురాలిని కోర్టు దోషిగా తేల్చింది. అదే పని, ఒక బల్ల దగ్గర గెలిచింది, ఇంకో బల్ల దగ్గర గెలవలేదు.

మీరు చేయదగింది ఒకటుంది. మీ విభాగంలో గత కొన్నేళ్ల విజేతలను, వీలైతే ఫైనల్‌కు వచ్చినవాళ్లను కూడా తీసి, మీ ఎంట్రీ పక్కన పెట్టి చదవండి. జడ్జీల వ్యాఖ్యలు ప్రచురించే పోటీలూ ఉన్నాయి. నిజంగా మీది మెరుగ్గా ఉందనిపిస్తే వచ్చే ఏడాది విభాగం మార్చి పంపండి. కాదనిపిస్తే దేంట్లో వెనకబడ్డారో తెలుస్తుంది, ఎక్కువసార్లు అది పత్రాల దగ్గరే ఉంటుంది. మీ కథనంలో మనుషుల మాటలు పది ఉంటే వాళ్లదాంట్లో పత్రాలు పది ఉంటాయి.

ప్రశ్న: ఫైనల్ జాబితాలో ఉన్నామని మెయిల్ వచ్చింది, ఎవరికీ చెప్పొద్దన్నారు. మా ఎండీ గారు మొదటి పేజీలో వేయమంటున్నారు!

ముందుగా అభినందనలు. వేయొద్దు. ఆ మెయిల్ యథాతథంగా ఎండీ గారికి పంపి, ప్రకటన తేదీ ఎప్పుడో ఎర్ర రంగులో పెట్టండి. ఈలోపు చేయాల్సిన పని వేరే ఉంది, ఆ కథనంలోని ప్రతి లింక్ ఇంకా తెరుచుకుంటోందో లేదో చూసుకుని, పత్రాలన్నీ ఒక ఫోల్డర్‌లో సర్దిపెట్టుకోండి. ఈ దశలోనే నిర్వాహకులు ఫోన్ చేసి ఫలానా అంకెకు ఆధారం పంపమంటారు, చాలాసార్లు సాయంత్రానికల్లా కావాలంటారు.